మా మావయ్యకు పొగ కనిపించింది, శాటిలైట్ మ్యాపులో గ్యాస్ లేదు. ఎందుకు?

కళింగతీరం
అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను, ఫిజిక్స్. మాది కళింగపట్నం పక్కన పల్లె. మా మావయ్య నేను పుట్టకముందే అండమాన్ వెళ్లిపోయారు. మన జిల్లాలో తీరం వెంబడి చాలా ఇళ్లలో ఎవరో ఒకరు అక్కడుంటారు, మీకు తెలిసిందే. పోర్ట్‌బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మారినా మా ఇంట్లో ఇంకా పాత పేరే. మావయ్య అక్కడ బోటు మీద పని చేస్తారు.

2025 సెప్టెంబర్‌లో అండమాన్‌లోని బ్యారెన్ దీవి అగ్నిపర్వతం రెండుసార్లు రేగిందని వార్తల్లో వచ్చింది. నవంబర్ 23న ఇథియోపియాలో హేలీ గుబ్బి అగ్నిపర్వతం పేలితే ఆ మేఘం ఎర్రసముద్రం దాటి, ఒమన్ మీదుగా ఢిల్లీ దాకా వచ్చింది. ఆ రోజుల్లో సల్ఫర్ డయాక్సైడ్ మ్యాపులు చూసి నాకు ఆశ్చర్యమేసింది. అంత దూరం నుంచి కంటికి కనపడని గ్యాస్‌ను ఎలా కొలుస్తున్నారు? దీని మీదే ప్రాజెక్టు చేద్దామని, మన దేశంలో మండుతున్న అగ్నిపర్వతం బ్యారెన్ ఒక్కటే కాబట్టి దాన్నే తీసుకున్నాను.

ఈ మధ్య మావయ్య ఫోన్ చేసి, బోటులోంచి దీవి మీద పొగ బాగా కనిపించిందన్నారు. అదే తేదీకి, గాలిలో వాయువులను కొలిచే సెంటినెల్-5పీ శాటిలైట్ మ్యాపు తెరిచాను. ఏమీ లేదు. దీవి చుట్టూ ఖాళీ. మా కాలేజీలో చూపిస్తే "గ్యాసే లేదు కదమ్మా, వేరే టాపిక్ తీసుకో" అన్నారు. వచ్చే నెలలో ప్రెజెంటేషన్, టెన్షన్‌గా ఉంది. తప్పు మావయ్యదా, శాటిలైట్‌దా, నాదా?

నాగావళి
ముందు ఒక మాట. మీ మావయ్యగారు చూసింది నీటి ఆవిరో బూడిదో అయి ఉంటుంది. సల్ఫర్ డయాక్సైడ్‌కు రంగు లేదు, కంటికి కనపడదు. పొగ దట్టంగా ఉన్నంత మాత్రాన ఈ గ్యాస్ ఎక్కువని కాదు, పొగ లేదని గ్యాస్ లేదనీ కాదు.

కళింగతీరం
అవునండీ, అది చదివాను. కానీ ఆవిరి వస్తుంటే దాంతోపాటు కొంతైనా సల్ఫర్ రావాలి కదా అని నా ఆలోచన.

ఆమదాలవలస మాస్టారు
నీ ఆలోచన సరైనదే తల్లీ. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఇలాంటి ప్రశ్న చూస్తే ప్రాణం లేచొచ్చింది. కొంచెం ఓపిగ్గా చదువు.

అగ్నిపర్వతం వదిలే వాయువుల్లో అన్నిటికంటే ఎక్కువ నీటి ఆవిరి, దాని తర్వాత సాధారణంగా కార్బన్ డయాక్సైడ్. అయినా దూరం నుంచి కొలిచేవాళ్లు సల్ఫర్ డయాక్సైడ్ వెంటే ఎందుకు పడతారు? గాలిలో ఆవిరి ఎలాగూ ఉంది. కార్బన్ డయాక్సైడ్ కూడా ఇప్పుడు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లకు 420 పాళ్లు, దాటింది. వంశధార వరద మీదున్నప్పుడు నువ్వొక బిందెడు నీళ్లు పోస్తే ఎవరు కనిపెట్టగలరు? సల్ఫర్ డయాక్సైడ్ అలా కాదు. మంచి గాలిలో అది వందకోట్ల పాళ్లకు ఒక పాలు ఉంటే గొప్ప. కొత్తగా కాస్త వచ్చినా తేడా తెలిసిపోతుంది.

ఇక కొలత. సూర్యుడి వెలుగులో అతినీలలోహిత భాగం ఉంది కదా, అందులో 300 నుంచి 320 నానోమీటర్ల మధ్య సల్ఫర్ డయాక్సైడ్ కొన్ని చోట్ల గట్టిగా, పక్కనే కొన్ని చోట్ల తక్కువగా వెలుగును మింగుతుంది. స్పెక్ట్రమ్ గీస్తే ఆ గాట్లు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. ఈ గాట్ల వరుస ఆ గ్యాస్‌ది మాత్రమే, వేలిముద్ర లాంటిది. పొగ లేని ఆకాశం నుంచి వచ్చిన వెలుగును ఒకసారి, పొగ వెనక నుంచి వచ్చిన వెలుగును ఒకసారి పట్టి రెండూ పోలుస్తారు. గాట్లు ఎంత లోతుగా పడితే దారిలో అన్ని అణువులు ఉన్నట్టు. నువ్వు చదివిన బీర్-లాంబర్ట్ నియమమే ఇది. దుమ్ము, మంచు కూడా వెలుగును తగ్గిస్తాయి, కానీ వాటివల్ల తగ్గుదల నున్నగా ఉంటుంది, గాట్లు పడవు. అందుకే రెంటినీ విడదీయగలుగుతాం. ఈ పద్ధతినే డోయాస్ అంటారు. ఓజోన్ కూడా ఆ ప్రాంతంలోనే వెలుగు మింగుతుంది కాబట్టి దాని లెక్క కూడా కలిపి తీసేయాలి.

పొందూరు నూలు
మాస్టారు బాగా చెప్పారు. నేను హైదరాబాద్‌లో శాటిలైట్ డేటా పనిలో ఉన్నాను, సొంతూరు పొందూరు. మా అమ్మమ్మ ఖద్దరు తాను మడత విప్పి వెలుగుకు ఎత్తి పట్టి చూసేది. ఎక్కడ నూలు దట్టంగా ఉందో, ఎక్కడ పలచబడిందో అలా తెలుస్తుంది. కానీ నాలుగు మడతలు కలిపి పట్టుకుంటే ఏ మడతలో నూలు ఎక్కువుందో మాత్రం చెప్పలేం. శాటిలైట్ కొలత అచ్చం ఇంతే. పైనుంచి కింద దాకా ఉన్న గాలి స్తంభం మొత్తంలో ఎన్ని అణువులున్నాయో చెబుతుంది. అవి ఏ ఎత్తులో ఉన్నాయో దానంతట అది సులువుగా చెప్పదు.

చెల్లీ, నీ సమస్య ఇక్కడే ఉండొచ్చు. సెంటినెల్-5పీ మీద ఉన్న ట్రోపోమీ అనే పరికరం డేటాలో సల్ఫర్ డయాక్సైడ్‌ను వేర్వేరు ఊహలతో లెక్కకట్టి ఇస్తారు. గ్యాస్ 1 కిలోమీటర్ ఎత్తులో ఉంటే ఇంత, 7 కిలోమీటర్లలో ఉంటే ఇంత, 15 కిలోమీటర్లలో ఉంటే ఇంత అని. నువ్వు తెరిచింది ఏది?

కళింగతీరం
ఇప్పుడే చూశానక్కా. 15 కిలోమీటర్లది. హేలీ గుబ్బికి అదే వాడారని చదివి ఇక్కడా అదే పెట్టేశాను.

పొందూరు నూలు
హేలీ గుబ్బికి అది సరిపోతుంది, మేఘం అంత ఎత్తుకు లేచింది కాబట్టి. బ్యారెన్ దీవి శిఖరం సముద్రం పైన 350 మీటర్లే. మామూలు రోజుల్లో దాని పొగ ఆ కాస్త పైనే గాలికి వంగిపోతుంది. కింద ఉన్న గ్యాస్‌ను అతినీలలోహిత కిరణాలతో పైనుంచి చూడటం కష్టం. ఆ కిరణాల్లో చాలా భాగం గాలి అణువులకు తగిలి కిందిదాకా రాకముందే వెనక్కి చెదిరిపోతుంది. అంటే అదే గ్యాస్ 15 కిలోమీటర్లలో ఉంటే పెద్ద గాటు, సముద్రం మీద ఉంటే చిన్న గాటు. ఆ చిన్న గాటును నువ్వు 15 కిలోమీటర్ల ఊహతో చదివితే విలువ బాగా తక్కువ వస్తుంది, రంగుల మ్యాపులో మాయమైపోతుంది.

1 కిలోమీటర్‌ది తెరువు. కానీ అందులో గ్యాస్‌తోపాటు నాయిస్, అంటే కొలతలో ఊరికే వచ్చే ఊగులాట, కూడా పెరుగుతుంది, ముందే చెబుతున్నాను.

మహేంద్రగిరి
ఇంత తంటా ఎందుకండీ. శాటిలైట్లు రోజూ భూమంతా ఫొటో తీస్తున్నప్పుడు కిందికి వెళ్లి పరికరాలు పెట్టడం ఖర్చు దండగ అనిపిస్తుంది నాకు. మేఘాలొస్తే ఒక రోజు పోతుంది, అంతే కదా.

సోంపేట టు అండమాన్
మహేంద్రగిరి గారూ, ఇక్కడికొచ్చి ఒక వానాకాలం గడిపి అప్పుడు చెప్పండి. మే ఆఖరు నుంచి నవంబర్ దాకా మాకు ఆకాశం శుభ్రంగా కనిపించే రోజులే తక్కువ. మేఘం కింద ఏముందో ఈ రకం శాటిలైట్‌కు తెలియదు. ఒక రోజు కాదు, వారాలకు వారాలు పోతాయి.

కళింగతీరం అమ్మా, మాది సోంపేట దగ్గరే. మీ మావయ్యకు నేను ఎదురుపడే ఉంటాను. బ్యారెన్ మాకు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్లు. అక్కడ జనం ఉండరు, దిగడానికి అనుమతి లేదు. కాబట్టి దగ్గరికెళ్లి కొలిచే మాట మర్చిపో. మీ మావయ్య ఏ టైములో చూశారో అడిగావా? అది ముఖ్యం.

కళింగతీరం
అడగలేదండీ. బోటులో ఉంటే సిగ్నల్ ఉండదు, దొరకగానే అడుగుతాను.

గరివిడి చిమ్నీ
మహేంద్రగిరి గారి మాటకు నేను జవాబిస్తాను. పదిహేనేళ్లుగా ఫ్యాక్టరీ చిమ్నీల పొగ కొలిచే పనిలో ఉన్నాను. చిమ్నీ అయితే పైకెక్కి, గోడకున్న రంధ్రంలోంచి ప్రోబ్ లోపల పెట్టి గ్యాస్ ఎంత గాఢంగా ఉందో చూస్తాం, పిటాట్ ట్యూబుతో పొగ వేగం చూస్తాం. రెండూ ఉంటేనే గంటకు ఎన్ని కిలోలు బయటికి పోతోందో లెక్క తేలుతుంది. గాఢత ఒక్కటే తెలిస్తే లెక్క సగమే.

అగ్నిపర్వతానికీ ఇదే సూత్రం. నిజానికి ఈ విద్య చిమ్నీల నుంచే అక్కడికి వెళ్లింది. కోస్పెక్ అనే పరికరం కెనడాలో 1960ల చివర్లో తయారైంది, ఫ్యాక్టరీ పొగను దూరం నుంచి కొలవడానికి. 1970ల మొదట్లో దాన్ని జపాన్‌లోనూ మధ్య అమెరికాలోనూ అగ్నిపర్వతాల వైపు తిప్పారు. ముప్పై ఏళ్లు అదే దిక్కు. 2000 తర్వాత అరచేతిలో పట్టే స్పెక్ట్రోమీటర్లు వచ్చాయి, ధర తగ్గింది. 2005లో మొదలైన నోవాక్ నెట్‌వర్క్‌లో అలాంటివాటిని అగ్నిపర్వతాల చుట్టూ పాతి పెట్టారు. పగలంతా ఆకాశాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు తుడుస్తూ ఉంటాయి.

లెక్క ఎలా వేస్తారో చూడమ్మా. పొగ కింద రోడ్డు ఉందనుకుందాం. కారు మీద పరికరం పైకి చూసేలా పెట్టి ఆ అడ్డం దాటతావు. పొగ వెడల్పు 2 కిలోమీటర్లు, సగటున స్తంభంలో 200 పీపీఎం మీటర్లు (గాఢతను పొగ మందంతో గుణించిన లెక్క) వచ్చిందనుకో. ఒక పీపీఎం మీటర్ అంటే చదరపు మీటరుకు సుమారు 2.66 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్. 200 పెట్టి గుణిస్తే 0.53 గ్రాములు. దాన్ని 2000 మీటర్లతో గుణిస్తే, గాలి వెళ్లే దిక్కున ప్రతి మీటరుకూ 1064 గ్రాములు. గాలి సెకనుకు 5 మీటర్లయితే సెకనుకు 5.3 కిలోలు. రోజుకు సుమారు 460 టన్నులు.

ఇప్పుడు గాలి 5 కాదు, పైన 7 మీటర్లు ఉందనుకో. ఏమీ మారకుండానే 460 కాస్తా 640 అయిపోయింది. స్పెక్ట్రోమీటర్ ఎంత ఖరీదైనదైనా ఈ తప్పును సరిదిద్దలేదు. ఈ పనిలో అన్నిటికంటే పెద్ద అనుమానం గాలి వేగమే. అది కింద నేల మీద ఒకలా, పొగ ఎత్తులో ఒకలా ఉంటుంది. అందుకే కింద మనుషులు, పరికరాలు కావాలి. ఈమధ్య అతినీలలోహిత కెమెరాలు కూడా వచ్చాయి. 310, 330 నానోమీటర్ల ఫిల్టర్లు రెండు పెట్టి సెకనుకో ఫొటో తీస్తే పొగ ముద్దలు ఎంత వేగంగా కదులుతున్నాయో ఆ ఫొటోల్లోంచే తెలుస్తుంది.

మహేంద్రగిరి
గాలి సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను.

టెక్కలి రైతు
మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆ ఇథియోపియా మేఘం వచ్చినప్పుడు మా ఊరి వాట్సాప్‌లో యాసిడ్ వాన పడుతుంది, పంట పాడవుతుంది అని తెగ తిరిగింది. అప్పుడు మాకు వరి కోతలు. రెండు రోజులు నిద్ర లేదు. మా అబ్బాయి ఢిల్లీ నుంచి రావాల్సిన విమానం కూడా రద్దయింది, డబ్బు వెనక్కి రావడానికి నెల పట్టింది. నిజంగా భయం ఉందా?

పొందూరు నూలు
బాబాయ్, విమానాలకు భయం నిజమే, బూడిద ఇంజిన్లోకి వెళ్తే పాడవుతుంది. ఆ మేఘం విమానాలు తిరిగే ఎత్తులోనే వచ్చింది. నేల మీద మనకు ఏమీ కాలేదు, అది కిలోమీటర్ల ఎత్తున పోయింది, దారి కూడా ఉత్తర భారతం మీదుగా చైనా వైపు. మన జిల్లా దాని దారిలో లేదు. మ్యాపులో ఎర్రగా కనిపించేది పైనుంచి కింద దాకా మొత్తం స్తంభం లెక్క అని చెప్పాను కదా, మనం పీల్చే గాలి లెక్క కాదు. వాట్సాప్‌లో తిప్పినవాళ్లు ఆ రంగును చూసి భయపడ్డారు.

టెక్కలి రైతు
ఈ మాట అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదమ్మా. సంతోషం.

నాగావళి
పేలుడు పెద్దదైతే గ్యాస్ ఎక్కువని కూడా లేదు. 2022 జనవరిలో టోంగా దగ్గర సముద్రంలో హుంగా అగ్నిపర్వతం పేలింది, శబ్దం ప్రపంచమంతా తిరిగింది. సల్ఫర్ డయాక్సైడ్ మాత్రం 5 లక్షల టన్నుల లోపే లెక్క తేలింది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం వదిలింది కోటిన్నర నుంచి 2 కోట్ల టన్నులు. అదే భూమిని సుమారు అర డిగ్రీ చల్లబరిచింది.

ఆమదాలవలస మాస్టారు
పినటుబో పేరొచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. తల్లీ, ఇది నీ ప్రాజెక్టులో తప్పకుండా పెట్టు.

1991లో ఫిలిప్పీన్స్‌లో ఆ కొండ కదలడం మొదలుపెట్టినప్పుడు కోస్పెక్‌తో కొలిచారు. మే 13న రోజుకు సుమారు 500 టన్నులు. మే 28 నాటికి 5000 దాటింది. అంటే కింద కొత్త శిలాద్రవం పైకొస్తోంది. ఆ తర్వాత ఉన్నట్టుండి పడిపోయింది, జూన్ 5కి 300 కూడా లేదు. మామూలు మనిషి అయితే హమ్మయ్య, తగ్గింది అనుకుంటాడు. అక్కడున్న శాస్త్రవేత్తలు అలా అనుకోలేదు. గ్యాస్ బయటికొచ్చే దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతోందేమోనని అనుమానించారు. భూకంపాలు కూడా పెరుగుతున్నాయి. జనాన్ని పెద్ద ఎత్తున ఖాళీ చేయించారు. జూన్ 15న అది పేలింది. ఆ నిర్ణయం వల్ల వేల ప్రాణాలు దక్కాయి.

దూరం నుంచే ఎందుకు కొలవాలో ఇంకో సంగతి. 1993 జనవరి 14న కొలంబియాలో గలేరాస్ అగ్నిపర్వతం బిలంలోకి దిగి గ్యాస్ పట్టుకుంటున్న శాస్త్రవేత్తల మీద అది పేలింది. ఆరుగురు శాస్త్రవేత్తలు, చూడ్డానికి వచ్చిన ముగ్గురు పోయారు. నేను క్లాసులో ఈ పేజీ చెప్పేటప్పుడు ప్రతిసారీ గొంతు పట్టేసేది. సీసా పట్టుకుని బిలం అంచున నిలబడితే దొరికే సమాచారం చాలా విలువైనది, కాదనను. కానీ ఆ పని వెలుగు చేయగలిగినంత మేరకు మనిషిని పంపకూడదు.

కళింగతీరం
మాస్టారూ, 5000 నుంచి 300కి పడిపోతే అది మంచిది కాదు, చెడ్డది అని నేను ఎప్పటికీ అనుకునేదాన్ని కాదు. నా ఖాళీ మ్యాపును చూసి "గ్యాస్ లేదు" అని రాయబోయాను.

1 కిలోమీటర్ డేటా తీశానక్కా. దీవి దగ్గర అక్కడక్కడా రంగు వచ్చింది, కానీ ఏమీ లేని సముద్రం మీద కూడా అలాగే వచ్చింది. కొన్ని చోట్ల విలువ సున్నా కంటే తక్కువ ఉంది! అణువుల లెక్క మైనస్ ఎలా అవుతుంది? వాటిని తీసేసి సగటు కట్టాను.

పొందూరు నూలు
అయ్యో, తీసేయకు! అందరూ చేసే తప్పే ఇది, నేనూ మొదట్లో చేశాను. గ్యాస్ నిజంగా సున్నా అయిన చోట నాయిస్ వల్ల కొలత కొంచెం పైకి, కొంచెం కిందికి ఊగుతుంది. రెండూ కలిపి సగటు కడితే సున్నా వస్తుంది. మైనస్‌లు తీసేస్తే లేని గ్యాస్ ఉన్నట్టు తేలుతుంది. క్వాలిటీ వాల్యూ (ఆ కొలతను ఎంత నమ్మొచ్చో డేటాలోనే ఇచ్చే మార్కు) 0.5 పైన ఉన్న పిక్సెల్స్ మాత్రమే ఉంచు, మేఘాలున్నవి తీసెయ్, మైనస్‌లు మాత్రం అలాగే వదిలెయ్.

ఒక్క రోజు మ్యాపుతో బలహీనమైన అగ్నిపర్వతం గురించి ఏమీ చెప్పలేం. ఒక్కో పిక్సెల్ సుమారు 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు, అందులో సన్నని పొగ చార కరిగిపోతుంది. ఇలాంటివాటికి ఏం చేస్తారంటే, ప్రతిరోజూ మ్యాపును ఆ రోజు గాలి దిక్కును బట్టి తిప్పి, గాలి అన్ని రోజుల్లోనూ ఒకే వైపు వీచినట్టు చేసి, వందల రోజులవి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు కడతారు. నాయిస్ చెరిగిపోతుంది, పొగ తోక నిలబడుతుంది. 2005 నుంచి 2015 దాకా ఆరా శాటిలైట్ మీదున్న ఓమీ పరికరం డేటాతో ఇలా చేసి, పేలకుండా ఊరికే గ్యాస్ వదులుతూ ఉండే 91 అగ్నిపర్వతాల లెక్క తీశారు. అన్నీ కలిపి ఏడాదికి సుమారు 2.3 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. అంటే పేలుడేమీ లేకుండానే ప్రతి ఏటా ఒక పినటుబో అంత.

గరివిడి చిమ్నీ
ఆ ఆఖరి మాట నాకు తెలియదు. ధన్యవాదాలు అమ్మా.

పొందూరు నూలు
ఇంకోటి, నాకు చాలా ఇష్టమైన కథ. ఈ శాటిలైట్ విద్య అనుకోకుండా దొరికింది. 1978లో ఎగిరిన నింబస్-7 మీద టామ్స్ అనే పరికరం ఓజోన్ కొలవడానికి పెట్టారు. 1982లో మెక్సికోలో ఎల్ చిచాన్ పేలినప్పుడు ఆ చుట్టుపక్కల ఓజోన్ విలువలు విపరీతంగా ఎక్కువ వచ్చాయి. చూస్తే అది ఓజోన్ కాదు, సల్ఫర్ డయాక్సైడ్! మాస్టారు చెప్పినట్టు రెండూ ఒకే చోట వెలుగు మింగుతాయి కదా. తప్పుగా కనిపించిన డేటాను పారేయకుండా కూర్చుని చూసినవాళ్లకు నేను దండం పెడతాను.

కళింగతీరం
మావయ్య దొరికారు! టైము అడిగాను. తెల్లవారుజామున, ఇంకా వెలుగు సరిగ్గా రాకముందు చూశారట. దీవి పైన ఎర్రగా కాంతి, దాని మీద పొగ. తొమ్మిదింటికల్లా మబ్బు పట్టేసిందట.

సోంపేట టు అండమాన్
అదీ సంగతి. అందుకే అడిగాను.

పొందూరు నూలు
సెంటినెల్-5పీ ఆ చోటి మీదుగా వెళ్లేది అక్కడి సూర్యుడి లెక్కలో మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మన గడియారంలో అయితే సుమారు ముప్పావు గంట ముందే. మావయ్య చూసిన పొగ ఎనిమిది గంటల ముందుది, పైగా మబ్బు. రాత్రి పూట, తెల్లవారుజామున అతినీలలోహితం పనికిరాదు, సూర్యుడే లేడు కాబట్టి. ఆ వేళల్లో పరారుణ కిరణాలతో చూసే ఐయాసీ లాంటి పరికరాలు ఉన్నాయి, అవి 7.3 మైక్రాన్ల దగ్గర ఈ గ్యాస్‌ను పట్టుకుంటాయి. కానీ వాటికి కూడా ఎత్తున ఉన్న గ్యాసే బాగా కనిపిస్తుంది, సముద్రాన్ని అంటుకున్నది కష్టం.

కళింగతీరం
అయితే మావయ్యదీ తప్పు కాదు, శాటిలైట్‌దీ కాదు. నేను ఎత్తు తప్పు పెట్టాను, టైము అడగలేదు, మేఘం చూడలేదు, గాలి గురించి ఆలోచించనే లేదు.

టాపిక్ మార్చడం లేదు. హేలీ గుబ్బిని స్పష్టంగా కనిపించిన ఉదాహరణగా, బ్యారెన్‌ను కనిపించని ఉదాహరణగా పక్కపక్కన పెడతాను. ఎత్తు, గాలి, మేఘం, టైము, ఈ నాలుగూ రెండు చోట్లా ఎలా ఉన్నాయో చూపిస్తాను. వందల రోజుల సగటు ఈ నెలలో నా వల్ల కాదు, ఒక్క పొడి సీజన్‌కు ప్రయత్నిస్తాను. మా సార్‌కు కూడా ఈ చర్చ చూపిస్తాను.

మావయ్య బోటు ఆ వైపు వెళ్లిన ప్రతిసారీ రాసి పెడతానన్నారు. ఏమేం రాయమనాలో చెప్పండి.

గరివిడి చిమ్నీ
తేదీ, గంట, బోటు ఎక్కడుందో జీపీఎస్‌లో చూసి అది. పొగ ఏ దిక్కుకు వంగిందో. వంగకుండా నిటారుగా లేచిందా, లేచీ లేవగానే పడుకుందా. పొగ తెల్లగా ఉందా, బూడిద రంగా. ఆకాశంలో మబ్బు ఎంత. ఫోన్‌తో ఒక ఫొటో, అందులో శిఖరం, సముద్రం గీత రెండూ పడేలా. పొగ కనపడని రోజు కూడా "లేదు" అని రాయమను, అది కూడా డేటానే.

సోంపేట టు అండమాన్
డిసెంబర్ నుంచి మార్చి దాకా మాకు ఈశాన్య గాలి, పొగ మా వైపే, నైరుతికి వంగుతుంది. ఆకాశం కూడా శుభ్రంగా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు ఒకటిన్నర మధ్య ఆ వైపు ఉండేలా చూడమని మీ మావయ్యకు చెప్పు. మా జెట్టీలో ఇంకో ఇద్దరు సోంపేట వాళ్లున్నారు, వాళ్లకూ పుస్తకం ఇస్తాను. నీ నంబర్ నాకు మెసేజ్ చెయ్యి, ఇక్కడ అందరిముందు పెట్టకు.

కళింగతీరం
చేశానండీ. పుస్తకంలో గళ్లు గీసి ఫొటో పంపాను, చూడండి.